పాత సోఫాను జూనియర్లకు అప్పగించే ముందు దాని కింద చీటీ చదవండి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

తానా, ఆటా, నాట్స్, నాటా తదితర తెలుగు సంఘాల కార్యవర్గాలకు, విశ్వవిద్యాలయాల్లోని భారతీయ విద్యార్థి సంఘాలకు, ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల సామాను అమ్మకాల కోసం వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్లకు నమస్కారం.

ఏటా మే నెలలో చదువు పూర్తయినవాళ్లు ఇళ్లు ఖాళీ చేస్తారు. ఆగస్టులో కొత్తవాళ్లు రెండేసి సూట్‌కేసులతో దిగుతారు. ఈ మూడు నెలల్లో వందల సోఫాలు సీనియర్ల నుంచి జూనియర్లకు, పెళ్లయి పెద్ద ఇంటికి మారినవాళ్ల నుంచి కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు చేతులు మారతాయి. డబ్బు తీసుకోకుండా ఇవ్వడం మన మంచితనం. దాన్ని మానుకోమని ఈ లేఖ రాయడం లేదు. ఆ సోఫా 2014కు ముందు తయారైనదైతే మాత్రం దాన్ని ఇంకొకరి ఇంట్లోకి పంపవద్దని, పంపకుండా చూసే పని సంఘాలుగా మీరే చేపట్టాలని కోరడానికి రాస్తున్నాం.

కారణం ఆ సోఫా ఫోమ్‌లో ఉంది. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రం టెక్నికల్ బులెటిన్ 117 అనే నిబంధన తెచ్చింది. సోఫా లోపలి ఫోమ్‌కు 12 సెకన్లపాటు చిన్న మంట తగిలించినా అంటుకుపోకూడదని దాని సారాంశం. పాలీయురేథేన్ ఫోమ్ పెట్రోలియం నుంచి పుట్టిన సరుకు, మామూలుగా అయితే భగ్గున మండుతుంది. పరీక్ష నెగ్గడానికి తయారీదారులకు దొరికిన చౌక దారి ఫోమ్‌లో మంటనిరోధక రసాయనాలు కలపడం. నిబంధన ఒక్క రాష్ట్రానిదే అయినా, కాలిఫోర్నియాకు ఒక రకం, మిగతా దేశానికి ఇంకో రకం తయారుచేయడం కంపెనీలకు గిట్టుబాటు కాదు కదా. అందుకే టెక్సాస్‌లో కొన్నా, న్యూజెర్సీలో కొన్నా చాలావరకు అదే ఫోమ్ వచ్చింది.

ఎంత కలిపేవారో ఒక లెక్క చూడండి. 24 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న సీటు కుషన్‌లో ఫోమ్ సుమారు 3 పౌండ్లు తూగుతుంది. ముగ్గురు కూర్చునే సోఫాకు అలాంటివి మూడు, అంటే 9 పౌండ్లు, మన లెక్కలో నాలుగు కిలోలు. ఫోమ్ బరువులో 5 శాతం రసాయనం ఉన్నా 200 గ్రాములు అవుతుంది. ఇది సీట్లది మాత్రమే. వీపు ఆనుకునే భాగం, చేతులు వేరు.

ఈ 200 గ్రాములూ ఫోమ్‌తో రసాయనికంగా ముడిపడి ఉండవు. నూనె పీల్చుకున్న దూదిలా ఫోమ్ వాటిని పట్టుకుని ఉంటుంది, అంతే. మనిషి కూర్చున్న ప్రతిసారీ కుషన్ లోపలి గాలి జిప్పు సందుల్లోంచి, కుట్ల రంధ్రాల్లోంచి బయటికి తన్నుకొస్తుంది. దాంతోపాటే రసాయనం, పాతబడి పొడిగా రాలే ఫోమ్ నలుసులు బయటపడి ఇంటి దుమ్ములో కలుస్తాయి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హీథర్ స్టేపుల్టన్ బృందం 1985, 2010 మధ్య కొన్న 102 సోఫాల ఫోమ్‌ను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది. 85 శాతం సోఫాల్లో మంటనిరోధకాలు దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది క్లోరినేటెడ్ ట్రిస్. 1970ల చివర్లో పిల్లల రాత్రి దుస్తుల నుంచి తీసేసిన రసాయనం ఇదే. బట్టల్లో వద్దనుకున్నది సోఫాల్లో 30 ఏళ్లకు పైగా కొనసాగింది. దీన్ని 2011లో కాలిఫోర్నియా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు.

మంటనిరోధకాల్లో ఇంకో పెద్ద తరగతి పెంటా బీడీఈ. అమెరికాలో దీని తయారీ 2004 చివర్లో ఆగిపోయింది. 2009లో, ఎంతకాలమైనా విచ్ఛిన్నం కాని విష రసాయనాలపై దేశాలు కుదుర్చుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచవ్యాప్త నిషేధ జాబితాకెక్కింది. దీని ఆకారం మన థైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది, కొవ్వులో చేరి ఏళ్ల తరబడి శరీరంలోనే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో గర్భిణులను, తర్వాత వాళ్ల పిల్లలను ఏళ్లపాటు గమనించిన పరిశోధనలో, తల్లి రక్తంలో ఈ రసాయనాలు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఏకాగ్రత, చేతివేళ్ల పనితనం, ఐక్యూ తక్కువగా ఉన్నట్టు తేలింది. ట్రిస్ తరహా రసాయనాలు మాత్రం ఒంట్లో అంతకాలం నిలవవు, రోజుల్లో మూత్రంతో పోతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో మూలాన్ని తీసేస్తే, దుమ్మును అదుపు చేస్తే, ట్రిస్ విషయంలో ఒంట్లో తగ్గుదల కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది.

దుమ్ము ఒంట్లోకి చేరే ముఖ్యమైన దారి చెయ్యి. ఇది మనవాళ్లకు మరింత దగ్గరి విషయం. మనం అన్నం చేత్తో కలుపుకుని తింటాం. సాయంత్రం సోఫాలో కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, సినిమా చూస్తూ తినడం ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నదే. ఫోన్, రిమోట్, కుషన్ తాకిన వేళ్లతోనే ముద్ద నోట్లోకి వెళుతుంది. పాకే పిల్లల సంగతి ఇంకా ఎక్కువ. కార్పెట్ మీదే వాళ్ల లోకం, వేళ్లు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి. తల్లుల రక్తంలో కన్నా చిన్నపిల్లల రక్తంలో ఈ రసాయనాలు ఎక్కువగా కనిపించింది ఇందువల్లే. సబ్బుతో చేతులు కడుక్కోవడం నిజంగా పనిచేస్తుంది. శానిటైజర్ పనిచేయదు. అది క్రిములను చంపుతుందేమో గానీ దుమ్మును చేతి మీది నుంచి తీసుకెళ్లదు.

"మరి అగ్నిప్రమాదం జరిగితే?" అని అడిగేవాళ్లకు సమాధానం చెప్పాలి. మంట ముందు సోఫా పైగుడ్డకు అంటుకుంటుంది. గుడ్డ మండేసరికి ఫోమ్‌కు తగిలేది పరీక్షలోని చిన్న మంట కాదు, చాలా పెద్దది. ఆ మంట ముందు ఫోమ్‌లోని 5 శాతం రసాయనం నిలబడదు. పైగా దాని వల్ల పొగ, మసి, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతాయి. ఇళ్లు తగలబడినప్పుడు మనుషులు ఎక్కువగా చనిపోయేది మంట వల్ల కాదు, పొగ వల్ల. దీన్ని గుర్తించే కాలిఫోర్నియా నిబంధన మార్చింది. కొత్త నిబంధన పేరు టీబీ (టెక్నికల్ బులెటిన్) 117-2013. ఫోమ్‌కు మంట పెట్టే పరీక్ష పోయి, పైగుడ్డ మీద కాలుతున్న సిగరెట్ ఉంచి చూసే పరీక్ష వచ్చింది. 2014 జనవరి 1న మొదలై, 2015 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఫోమ్‌లో ఏ రసాయనమూ లేకుండానే ఈ పరీక్ష నెగ్గవచ్చు. 2021 జూన్ 25 నుంచి ఇదే దేశమంతటికీ వర్తించే ప్రమాణం.

ఇక సోఫాను ఎలా తనిఖీ చేయాలో చూద్దాం. ముందు సీటు కుషన్లు ఎత్తి కింద చూడండి. అక్కడ చీటీ లేకపోతే సోఫాను వెనక్కి వాల్చి అడుగున చూడండి. నల్లటి పల్చని గుడ్డ బిగించి ఉంటుంది, దాని అంచున స్టేపుల్ చేసి తెల్లటి చీటీ వేలాడుతుంది. కుషన్ జిప్పు పక్కన లోపలివైపు కుట్టిన చీటీ కూడా చూడండి. టెక్నికల్ బులెటిన్ 117 అని మాత్రమే ఉండి, పక్కన 2013 లేకపోతే ఫోమ్‌లో రసాయనం ఉందనే అనుకోవాలి. టీబీ 117-2013 అని ఉంటే రసాయనం అవసరం లేకుండా తయారుచేసే వీలుందని అర్థం. కలపలేదని హామీ మాత్రం కాదు. ఆ హామీ మరో చోట ఉంటుంది: 2015 నుంచి కాలిఫోర్నియాకు వెళ్లే సోఫాల చీటీలో రెండు వాక్యాలు చేర్చారు, ఒకటి మంటనిరోధకాలు కలిపామని, రెండోది కలపలేదని. కలపలేదన్న వాక్యంలో 'నో' అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గుర్తు దేనికి పెట్టారో చూడాలి. హడావుడిలో చాలామంది 'ఫ్లేమ్ రిటార్డెంట్' అన్న మాట కనబడగానే కంగారుపడతారు, లేదా చీటీ ఉంది కదా అని ధీమాపడతారు. రెండూ పొరపాటే. 2022 నుంచి కనిపిస్తున్న వినియోగదారుల భద్రతా కమిషన్ చీటీ కూడా సోఫా కొత్త ప్రమాణానికి సరిపోయిందనే చెబుతుంది, రసాయనం గురించి ఏమీ చెప్పదు.

2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా అమ్మే సోఫాల్లో, పిల్లల సామగ్రిలో, పరుపుల ఫోమ్‌లో మంటనిరోధకాలు 1,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) దాటకూడదు. మెయిన్, మసాచుసెట్స్, న్యూయార్క్ రాష్ట్రాలు కూడా తమ చట్టాలు తెచ్చుకున్నాయి. కాబట్టి కొత్తవి కొనేవాళ్లకు పెద్ద బెంగ అక్కర్లేదు. చిక్కంతా పాతవాటితోనే, పాతవి తిరిగేది ఎక్కువగా మన గ్రూపుల్లోనే.

చీటీ చిరిగిపోతే ఎలా అని అడుగుతారు. జిప్పు కొద్దిగా తీసి ఫోమ్ చూడండి. వేలితో రుద్దితే తవుడులా రాలుతుంటే, సోఫా కూర్చున్నచోట గుంటపడి మళ్లీ లేవకపోతే అది పాతది. పసుపురంగు ఒక్కటే ఆధారం కాదు, ఏ ఫోమ్ అయినా వెలుతురుకు పచ్చబడుతుంది. పసుపు చూసి మంచి సోఫాను పారేయవద్దు, తెల్లగా ఉందని పాతదాన్ని నమ్మవద్దు. కొన్న సంవత్సరం తెలియక, చీటీ కూడా లేకపోతే వదిలేయడమే మేలు.

సోఫా చట్రం గట్టిగా ఉండి, కుషన్లు విడిగా వచ్చేవైతే, ఫోమ్ మాత్రం మార్చుకోవచ్చు. ఫోమ్‌లో సింహభాగం సీట్లలోనే ఉంటుంది కాబట్టి చేతుల్లో, వీపులో కొంత మిగిలినా ఇది పనికొచ్చే పనే. కుషన్లు చట్రానికి కుట్టేసి ఉంటే ఆ ప్రయత్నం వద్దు.

ఈ పనిని ఇంట్లో చేయకూడదు. బాల్కనీలో, గాలి తక్కువగా ఉన్న పూట పెట్టుకోండి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. ఎన్95 మాస్క్, చేతులకు గ్లవ్స్, 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ఉన్న పెద్ద చెత్త సంచులు కావాలి. కుషన్‌ను కుషన్‌గానే సంచిలోకి దించి, లోపలే జిప్పు తీసి, కవర్‌ను మెల్లగా బయటికి లాగండి. ఫోమ్ సంచిలోనే ఉండిపోవాలి. చాలామంది చేసే తప్పు ముందు ఫోమ్‌ను బయటికి లాగి, ఆ తర్వాత సంచి కోసం వెతకడం. పాత ఫోమ్ ఒక్క కుదుపుకే గదంతా పొడి చల్లుతుంది. సంచి మూతి మెలితిప్పి గట్టిగా కట్టండి. కవర్‌ను తిరగేసి కుట్ల మూలలన్నీ హెపా వ్యాక్యూమ్‌తో (సన్నటి దుమ్మును కూడా పట్టే ఫిల్టర్ ఉన్నది) పీల్చి, మిగతా బట్టలతో కలపకుండా చల్లటి నీళ్లలో ఉతికి ఆరేయండి. డ్రయర్‌లో వేస్తే కవర్ కుదించుకుపోయి కొత్త ఫోమ్ పట్టదు. ఉతకకూడని గుడ్డ అయితే పీల్చి వదిలేయండి. సీటు కింద చట్రంలో పేరుకున్న పొడిని కూడా పీల్చి తడిగుడ్డతో తుడవండి. అందరూ మరిచిపోయేది ఇక్కడే.

కొత్త ఫోమ్‌కు కొలత పాత ఫోమ్‌ది తీసుకోకండి, అది ఏళ్ల వాడకంతో చిక్కిపోయి ఉంటుంది. కవర్‌ను పరిచి, కుట్టు నుంచి కుట్టుకు కొలవండి. పొడవు, వెడల్పుల్లో అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువ చేర్చి కోయించండి. అప్పుడే కవర్ బిగువుగా నిలుస్తుంది. సాంద్రత ఘనపు అడుగుకు 1.8 పౌండ్లకు తగ్గకూడదు, గట్టిదనం 30 నుంచి 35 ఐఎల్‌డీ (ఫోమ్ గట్టిదనాన్ని కొలిచే అంకె) ఉంటే సీటుకు సరిపోతుంది. మంటనిరోధకాలు కలపని ఫోమ్ కావాలని దుకాణాన్ని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. సర్టిపూర్-యూఎస్ అనే ఫోమ్ ధ్రువీకరణ గుర్తు ఉంటే పెంటా బీడీఈ, ట్రిస్ లాంటివి లేవని అర్థం. ఏ మంటనిరోధకమూ లేదని కాదు. కాబట్టి ఆ గుర్తు ఉన్నా బిల్లు మాట తప్పదు.

పాత కుషన్లను, సోఫాలను రోడ్డు పక్కన పెట్టి 'ఫ్రీ' అని కాగితం అంటించవద్దు. ఆ కాగితాన్ని చూసి ఎత్తుకెళ్లేది నిన్ననే దిగిన మన కుర్రాడే. నగరపాలక సంస్థ పెద్ద సామాను తీసుకెళ్లే తేదీని ముందే ఖాయం చేసుకుని, ఆ రోజు ఉదయమే బయట పెట్టండి. సంచుల మీద వాడకానికి పనికిరాదని మార్కర్‌తో ఇంగ్లిష్‌లో రాయండి. ఫోమ్‌ను రీసైక్లింగ్‌కు ఇవ్వకూడదు. పాత సోఫాల ఫోమ్ తునకలను అతికించి కార్పెట్ కింద పరిచే మెత్తను తయారుచేస్తారు. రంగురంగుల చుక్కలతో కనబడే మెత్త అదే. అద్దె ఇంట్లో కార్పెట్ మారుస్తామని యజమాని చెబితే, ఆ పని జరిగే రోజు పిల్లలను ఇంట్లో ఉంచకండి, పని అయ్యాక నేలంతా హెపా వ్యాక్యూమ్ చేయమని అడగండి.

వెంటనే మార్చలేనివాళ్లు ఉంటారు, వాళ్లకు శుభ్రతే దారి. చీపురుతో ఊడిస్తే, పొడిగుడ్డతో దులిపితే దుమ్ము లేచి మళ్లీ కూర్చుంటుంది. వారానికోసారి హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్‌తో నెమ్మదిగా పీల్చాలి. హెపా లేని యంత్రం సన్నటి దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. గట్టి నేలలైతే తడిగుడ్డతో తుడవాలి, కిటికీ గట్లు, టీవీ వెనక భాగం కూడా. సోఫాకు చిరుగులుంటే కుట్టేయండి. పైన కప్పే దుప్పటిని వారానికోసారి ఉతకండి, కానీ ఆ దుప్పటి దుమ్మును పూర్తిగా ఆపుతుందని నమ్మవద్దు. అన్నిటికన్నా ముందు, భోజనాన్ని సోఫా మీద నుంచి టేబుల్ మీదికి మార్చండి.

పరుపుల సంగతి వేరు. అమెరికాలో పరుపులకు మంట పరీక్ష 2007 నుంచి అమల్లో ఉంది. ఎక్కువమంది తయారీదారులు ఫోమ్‌లో రసాయనానికి బదులు చుట్టూ మంటకు తాళే పొర వేస్తారు. చౌకగా పెట్టెలో వచ్చే కొన్ని పరుపుల్లో ఆ పొర గాజునార. జిప్పు ఉంది కదా అని కవర్ తీసి ఉతికితే, కంటికి కనబడని గాజు పోగులు ఇల్లంతా పరుచుకుంటాయి. వాటిని వదిలించుకోవడం నరకం. చీటీలో గ్లాస్ ఫైబర్ అని ఉంటే జిప్పు ముట్టుకోవద్దు. పైన ఇంకో ఉతికే కవర్ వేసుకోండి.

పసిపిల్లల కారు సీటు గురించి ఒక హెచ్చరిక. దానికి వాహనాల మంట ప్రమాణం వర్తిస్తుంది కాబట్టి మంటనిరోధకాలు ఉండవచ్చు. అలాగని కారు సీటు మానేయకూడదు, అది ప్రాణం కాపాడే వస్తువు. ఇంట్లో మాత్రం బిడ్డను అందులోనే నిద్రపుచ్చవద్దు. ప్రయాణం అయ్యాక చేతులు కడగండి. బిడ్డకు పాలిచ్చేటప్పుడు వాడే పాత నర్సింగ్ దిండ్లు, ఫోమ్ ఉన్న పాత ఆటచాపలు మాత్రం చేతులు మారకుండా ఆగిపోవాలి.

రసాయనం వద్దన్నాక మంట నుంచి అసలైన రక్షణ ఏదో కూడా చెప్పాలి. అది పొగను పసిగట్టే అలారం. తాలింపులో ఎండుమిరపకాయ వేయగానే అలారం మోగుతుందని దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగినవాళ్లు, బ్యాటరీ తీసి డ్రాయర్‌లో పడేసినవాళ్లు మన ఇళ్లలో ఎందరో. అలా చేయవద్దు. పొయ్యికి 10 అడుగుల దూరంలో ఫోటోఎలక్ట్రిక్ రకం (కాంతితో పొగను పసిగట్టే) అలారం ఉంటే వంట పొగకు తక్కువగా మోగుతుంది. మార్చమని ఇంటి యజమానిని రాతపూర్వకంగా అడగండి. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి ఉండాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి, పదేళ్లు దాటితే కొత్తది పెట్టాలి. దీపం, అగరబత్తి, హారతి కర్పూరం సోఫాకు, కర్టెన్లకు కనీసం మూడడుగుల దూరంలో, లోహపు పళ్లెంలో ఉండాలి. దీపం వెలుగుతుండగా ఇల్లు వదిలి వెళ్లకూడదు.

బ్రిటన్‌లో చదివే మన పిల్లలకు ఈ లేఖ చేరితే ఒక మాట. అక్కడ 1988 నాటి నిబంధనలు ఇంకా బహిరంగ మంట పరీక్ష అడుగుతాయి కాబట్టి సోఫాల్లో రసాయనాలు తప్పించుకోవడం కష్టం. పిల్లల వస్తువులు కొన్నిటిని 2025 అక్టోబరు 30 నుంచి మినహాయించారు. నిషేధిత రసాయనాలున్న పాత సోఫాలను ఇంగ్లండ్‌లో చెత్తదిబ్బలో పూడ్చనివ్వరు, కాల్చివేయాల్సిందే. అక్కడివాళ్లకు దుమ్ము అదుపు, చేతుల శుభ్రతే ముఖ్యం. ఇక అమెరికా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో శాశ్వతంగా తిరిగి వెళుతూ కంటైనర్‌లో ఇంటి సామాను పంపించుకునేవాళ్లు 2014కు ముందు సోఫాలను అందులో ఎక్కించకండి. పెంటా బీడీఈ తరగతి రసాయనాలను భారత ప్రభుత్వం 2018లో నియమావళి తెచ్చి నిషేధించింది. అలాంటివి ఉన్న కుషన్లను మన అమ్మానాన్నల హాల్లో పెట్టడం సరికాదు.

సంఘాలుగా మీ నుంచి మేం కోరేది డబ్బు కాదు. కొత్త విద్యార్థుల కోసం మీరు వేసే స్వాగత పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి. విరాళంగా వచ్చిన సామాను పంచేటప్పుడు చీటీ చూసే పని ఒక వాలంటీర్‌కు అప్పగించండి. పాత సోఫా పోతే కూర్చోవడానికి ఏదో ఒకటి కావాలి కదా, చెక్క కుర్చీలు, ఇనుప మడత కుర్చీలు, ఫోమ్ లేని దూది పరుపులు సేకరించి ఇవ్వండి. గ్రూపు అడ్మిన్లు ఈ కింది సందేశాన్ని యథాతథంగా పిన్ చేయండి.

"సోఫా ఇచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు మూడు ఫొటోలు పెట్టాలి: సోఫా మొత్తం, కుషన్ కింద లేదా అడుగున ఉన్న చీటీ, జిప్పు కొద్దిగా తీసినప్పుడు కనబడే ఫోమ్. చీటీ మీద 117 ఉండి పక్కన 2013 లేకపోతే, చీటీ లేక కొన్న సంవత్సరం తెలియకపోతే, ఫోమ్ పొడిగా రాలుతుంటే ఇక్కడ పెట్టవద్దు. నగరపాలక సంస్థ పెద్ద సామాను విభాగానికి ఫోన్ చేసి తీసుకెళ్లమనండి. చీటీ చదవడం తెలియకపోతే ఫొటో పెట్టండి, చూసి చెబుతాం."

ఇట్లు,
ఫర్నిచర్‌లో వాడే రసాయనాలపై పనిచేస్తున్న తెలుగువాళ్లం